పదునాలుగవ చట్టము మొదలు సోనాగాఛి వరకు: లైంగిక వ్యాధుల నివారణ చరిత్రలో వృత్తి స్త్రీ

వ్యాధుల చరిత్రము వ్రాయువారు సాధారణముగా వైద్యుని పక్షముననో, ప్రభుత్వ పక్షముననో నిలిచి వ్రాయుదురు. రోగము కనబడినది, శాసనము వచ్చినది, మందు దొరకినది, రోగము తగ్గినది అనునది అందలి కథాక్రమము. స్త్రీపురుష సంపర్కమున వ్యాపించు వ్యాధుల విషయమున ఈ క్రమము చాలదు. వీనిని నివారించు రబ్బరు తొడుగు చౌక ధర కలది. చిరకాలముగ లోకమునకు తెలిసినది. అయినను ఎవ్వరికి దాని అవసరము మిక్కుటముగ నుండెనో వారి చేతికి అది దశాబ్దముల తరబడి అందలేదు. అందిన తరువాతను వెంటనే వాడుకకు రాలేదు. ఇందులకు కారణము సాధనమున లేదు. దానిని వాడవలసినవాడు పురుషుడు. వాడుమని అడుగవలసినది స్త్రీ. అడుగుటకు ఆమెకు గల అధికారమెంత అను ప్రశ్నయే ఈ చరిత్రమునకు కీలకమని మా అభిప్రాయము.

ఈ అభిప్రాయమును ముఖ్యముగా ఒక నగర చరిత్రము ఆధారముగ నిరూపింప యత్నింతుము. నేడు కోల్‌కతా అనబడు కలకత్తాలో 1868 నాటి శాసనము అమలు జరిగెను. ఆ నగరముననే 1992లో సోనాగాఛి ప్రయత్నము ఆరంభమయ్యెను. పోలికకొఱకు థాయిలాండు దేశమును, తుదకు మన గోదావరీ తీరమును పరిశీలింతుము. వేశ్య, వారకాంత మున్నగు పదములు మన సాహిత్యమున కలవు. కాని వానికి అంటియున్న నిందను చరిత్రకారుడు మోయనక్కఱలేదు. వంగదేశమున ఈ స్త్రీలు తమ్ము ‘యౌనకర్మి’ అని చెప్పుకొనుచున్నారు. దానిననుసరించి లైంగిక వృత్తి స్త్రీలను ఈ వ్యాసమున సంగ్రహముగా వృత్తి స్త్రీలని పేర్కొందుము.

1. ఫిరంగ రోగము, లాకు ఆసుపత్రి

తెలుగువారు సవాయి యని వ్యవహరించు రోగమునకు సంస్కృత వైద్యమున ఫిరంగ రోగమని పేరు. 16వ శతాబ్దివాడైన భావమిశ్రుడు భావప్రకాశమున దీనిని వర్ణించి, ఫిరంగుల సంపర్కమున కలుగునదిగా చెప్పెను. ఓడలపై వచ్చిన పరదేశీయులతో ఈ రోగము వచ్చినదని ఆనాటివారు తలంచిరనుటకు ఆ పేరే సాక్ష్యము. కాని మూడు శతాబ్దముల తరువాత ఆంగ్ల ప్రభుత్వము దీనిని అరికట్టబూనినపుడు శాసనభారము వచ్చిన పురుషునిపై పడలేదు. ఇక్కడి స్త్రీపై పడెను.

1857 తరువాత దేశమున తెల్లసైనికుల సంఖ్య హెచ్చెను. వారిలో లైంగిక వ్యాధులు ప్రబలుట ప్రభుత్వమునకు పెద్ద చింతయయ్యెను. ఇంగ్లండున 1864లో సాంక్రామిక వ్యాధుల చట్టము వెలువడెను. ఆ సంవత్సరముననే హిందూదేశమున దండుప్రదేశములకు 22వ చట్టము వచ్చెను. 1868లో 14వ చట్టము ఆ పద్ధతిని నగరములకు విస్తరింపజేసెను. దాని ప్రకారము వృత్తి స్త్రీలు తమ పేర్లు నమోదు చేయించుకొనవలెను. నియమితకాలమున వైద్యపరీక్షకు హాజరు కావలెను. రోగమున్నదని తేలినచో లాకు ఆసుపత్రిలో నిర్బంధింపబడవలెను. నమోదు కాని స్త్రీకిని, పరీక్షకు రాని స్త్రీకిని శిక్ష కలదు. ఆమెవద్దకు వచ్చు పురుషునికి పరీక్షయు లేదు, శిక్షయు లేదు.

కలకత్తా ప్రజలు దీనిని ‘చోద్ద ఆయిన్’, అనగా పదునాలుగవ చట్టము, అని పిలిచిరి. దాని బాధ పడలేక ఎందఱో స్త్రీలు నగరము విడిచి ఫ్రెంచివారి ఏలుబడిలోని చందర్‌నగరునకు తరలిపోయిరి. చట్టము రోగమును పట్టుకొనలేదు, రోగులను చెదరగొట్టెను. శాస్త్రరీత్యా చూచినను దాని వైఫల్యము అనివార్యమే. సవాయికి కారణమైన సూక్ష్మజీవిని 1905లో గాని కనుగొనలేదు. రక్తపరీక్ష 1906లోను, సాల్వర్సాన్ అను మందు 1910లోను వచ్చెను. అంతకు పూర్వము వైద్యుడు కంటికి కనబడు పుండును మాత్రమే చూడగలిగెడివాడు. లోన దాగియున్న రోగము అతనికి తెలియదు. ఒకవేళ స్త్రీ స్వస్థతనొంది బయటికి వచ్చినను, పరీక్ష లేని పురుషునివలన ఆమెకు మరల ఆ రోగమే సంక్రమించును.

ఇంగ్లండున జోసెఫిన్ బట్లరు మున్నగువారు ఈ శాసనములపై దీర్ఘకాలము ఆందోళన జరిపిరి. అక్కడ 1886లోను, ఇక్కడ 1888లోను అవి రద్దయ్యెను. రబ్బరును గట్టిపఱచు విధానము 1844 నాటికే పేటెంటు పొందియున్నది. దానితో తొడుగులు తయారగుచుండెను. కాని ఈ శాసనములు ఆశ్రయించినది స్త్రీ దేహముపై నిఘానే గాని ఆ సాధనమును గాదు. రోగనివారణ యనగా స్త్రీని బంధించుటయే అను భావము చట్టముతోపాటు రద్దు కాలేదు. రాబోవు శతాబ్దమునకు అది ఆస్తిగా సంక్రమించెను.

2. నిరోధ్, 1986

1868కి సరిగా నూఱేండ్లకు, 1968లో, భారత ప్రభుత్వము నిరోధ్ అను పేర రబ్బరు తొడుగులను బజారునకు తెచ్చెను. మూడింటి వెల 15 పైసలు. పచారీకొట్టునందును దొరకునట్లు చేయుటచే ఆ పేరు తెలుగునాట ఆ వస్తువునకే వాడుకమాట యయ్యెను. మేమును ఇకమీద ఆ మాటనే వాడుదుము. అయితే దాని ఉద్దేశము కుటుంబనియంత్రణము. దానిపై ప్రకటనలు భార్యాభర్తలను సంబోధించినవి. వృత్తి స్త్రీ ఆ ప్రణాళిక దృష్టిలో లేదు.

ఆమెపై దృష్టి నిలిపినది వేఱొక శాసనము. 1956లో వెలువడిన అవినీతి వ్యాపార నిరోధక చట్టము, 1986 సవరణతో నేటి రూపము దాల్చినది, వృత్తిని స్వయముగా నేరమనలేదు. కాని విటుని బహిరంగముగ పిలుచుట, వేశ్యాగృహము నడుపుట, కొన్ని బహిరంగ స్థలముల సమీపమున వృత్తి సాగించుట నేరములయ్యెను. ఆచరణలో దీని ఫలితము విచిత్రము. స్త్రీ సంచిలో నిరోధ్ పొట్లము కనబడినచో రక్షకభటులకు అది సాక్ష్యమయ్యెను. ఒక ప్రభుత్వశాఖ పంచిన వస్తువును మఱియొక శాఖ నేరపు గుర్తుగా నెంచుచుండగా, దానిని వెంట నుంచుకొనుటకు ఆమె జంకుటలో వింత లేదు.

1981లో అమెరికాలో ఎయిడ్స్ వ్యాధి మొదట వర్ణింపబడెను. 1983లో పారిస్ నగరపు పాశ్చరు సంస్థలో దానికి కారణమైన వైరసును గుర్తించిరి. 1986లో మద్రాసు వైద్యకళాశాలలో డాక్టరు సునీతి సాలమన్ పర్యవేక్షణమున సెల్లప్పన్ నిర్మల అను విద్యార్థిని వృత్తి స్త్రీల రక్తమును సేకరించెను. వెల్లూరులో పరీక్షింపగా ఆఱుగురి రక్తమున హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలెను. దేశమున ఈ వైరసు ఉనికికి అదియే తొలి సాక్ష్యము. ఆ పరిశోధన మహోపకారము చేసినదనుటకు సందేహము లేదు. కాని లోకము దానిని చదివిన తీరు పాతదే. ఈ స్త్రీలు రోగమునకు గుఱియైనవారని గాక, రోగమునకు మూలమని తలంచినవారే పెక్కుమంది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడునాటికి దేశము ముందు రెండు మార్గములుండెను: పదునాలుగవ చట్టపు మార్గమొకటి, ఇంకను ఎవ్వరును నడువని మార్గమొకటి.

3. సోనాగాఛి

ఉత్తర కలకత్తాలోని సోనాగాఛి వృత్తి స్త్రీలు వేలకొలది నివసించు పేట. 1992లో అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థకు చెందిన డాక్టరు స్మరజిత్ జానా అక్కడ లైంగిక వ్యాధుల నివారణ కార్యక్రమమును ఆరంభించెను. వైద్యశాల తెఱచుట, నిరోధ్ పంచుట అందలి తొలి పనులు. అయితే వానిని పంచుటకు బయటివారిని నియమింపక, ఆ పేట స్త్రీలలోనే కొందఱిని ఎన్నుకొని, శిక్షణమిచ్చి, జీతమిచ్చి కార్యకర్తలను చేసిరి. గౌరవము, నమ్మకము, గుర్తింపు అను మూడును ఆ కార్యక్రమమునకు సూత్రములు. వృత్తి మానుమని వారికి ఎవ్వరును బోధింపలేదు. వారి వృత్తిలో వారికి హాని కలుగకుండుట యెట్లని అడిగిరి.

అడుగగా తెలిసిన సంగతులు ముఖ్యములు. నిరోధ్ గూర్చి తెలియక వాడకుండుట కొంతయే. తెలిసియు వాడలేకుండుట హెచ్చు. ఒక స్త్రీ విటుని నిరాకరించినచో అతడు ప్రక్క గదికి పోవును. వడ్డీవ్యాపారికి అప్పుపడిన స్త్రీ ఆ నష్టమునకు ఓర్వలేదు. గృహయజమానురాలు, దలారి, పేటరౌడీ, రక్షకభటుడు ఆమె సంపాదనలో వంతు గోరువారే గాని ఆమె నిరాకరణమునకు అండ నిలుచువారు కారు. కావున నిరోధ్ సమస్య అప్పు సమస్యతోను, దౌర్జన్య సమస్యతోను పెనవేసికొని యున్నది.

దీని ఫలితముగ 1995లో దుర్బార్ మహిళా సమన్వయ సమితి అను వృత్తి స్త్రీల సంఘము ఏర్పడెను. ఆ యేడే ఉష అను పేర వారి సహకార సంఘము వెలసెను. నాటి సహకార నిబంధనలు సభ్యులకు సచ్ఛీలతను షరతుగా విధించియుండెను. గృహిణులమని వ్రాయించుకొన్నచో చిక్కు తీరునని అధికారులు సూచింపగా, స్త్రీలు అంగీకరింపలేదు. వృత్తి పేరుననే నమోదు కావలెనని పట్టుపట్టి సాధించుకొనిరి. పొదుపును, న్యాయమైన వడ్డీకి అప్పును దొరకినపుడు ఒక విటుని పోనిచ్చు శక్తి స్త్రీకి కలిగెను. 1997 నవంబరులో కలకత్తాలో వృత్తి స్త్రీల జాతీయ మహాసభ జరిగెను. 1999లో కార్యక్రమ నిర్వహణమంతయు సంఘము చేతికి వచ్చెను. బాలికలను, బలవంతముగ తేబడిన స్త్రీలను గుర్తించి విడిపించుటకు స్వయం నియంత్రణ మండలులను గూడ సంఘమే నెలకొల్పెను. ఈ తుదివిషయము గమనింపదగినది. వృత్తి స్త్రీల హక్కును ఒప్పుకొనుట బాలికల విక్రయమును ఒప్పుకొనుట కాదని వారు చేతలతో చూపిరి.

4. నిరాకరణపు వెల

పై మాటలు అభిమానముతో చెప్పినవిగా పాఠకులు తలంపవచ్చును. అందుచే రెండు పరిశోధనలను పేర్కొందుము. కలకత్తా వృత్తి స్త్రీల సంపాదనపై విజయేంద్ర రావు, ఇంద్రాణీ గుప్తా, లోక్షిన్, జానాలు జరిపిన పరిశీలనము 2003లో ప్రకటితమయ్యెను. ఎల్లవేళల నిరోధ్ వాడు స్త్రీ ప్రతి విటునివద్ద పొందు సగటు సంపాదనలో నూటికి 66 మొదలు 79 వంతుల వరకు కోల్పోవుచున్నదని వారు తేల్చిరి. అనగా ఐదుపైసల వస్తువు వాడుటకు ఆమె చెల్లించు అసలు వెల ఆమె కూలిలో మూడింట రెండు వంతులు, ఒక్కొక్కయెడ అంతకు మించి. ఉచితముగా పంచినంతమాత్రమున ఈ వెల తగ్గదు. అందఱు స్త్రీలును కూడి ఒకే నియమము పాటించినపుడే అది తగ్గును.

రెండవది 2004లో ప్రకటితమైనది. ఉత్తర వంగమున కూచ్‌బిహారు, దిన్‌హాటా అను రెండు ఊళ్లలో నూర్గురేసి వృత్తి స్త్రీలను 15 నెలలు పరిశీలించిరి. రెండుచోట్లను వైద్యశాలయు, నిరోధ్ ప్రచారమును, తోటి కార్యకర్తల బోధయు కలవు. ఒకచోట మాత్రము సోనాగాఛి పద్ధతిని, అనగా సంఘనిర్మాణమును, పరిసరపు అడ్డంకుల తొలగింపును జతచేసిరి. అక్కడ నిరోధ్ వాడకము 39 శాతము హెచ్చెను. రెండవచోట 11 శాతమే హెచ్చెను. తప్పక వాడువారి సంఖ్య మొదటిచోట 25 శాతము పెరుగగా, రెండవచోట 16 శాతము తగ్గెను. వైద్యశాల రెండుచోట్లను సమానమే, నిరోధ్ సమానమే, బోధయు సమానమే. తేడా సంఘబలమున మాత్రమే కలదు.

ఈ పద్ధతికిని ఒక హద్దు కలదు. విటునిపట్ల నిరోధ్ పట్టుపట్టు స్త్రీయే, చిరకాలము తనతోనుండు ప్రియునిపట్ల దానిని విడుచుట తఱచు. అక్కడ అడ్డువచ్చునది పేదఱికము కాదు, విశ్వాసము. నిరోధ్ కోరుట అనుమానించుటగా తోచును. గృహిణులకును ఇదే చిక్కు. వృత్తి స్త్రీ సమస్య స్త్రీలందఱి సమస్యలో భాగమని ఇది గుర్తుచేయుచున్నది.

5. థాయిలాండు దేశపు మార్గము

సంఘబలము లేకయే నిరోధ్ వాడకమును పెంచిన దేశము లేదా యని ఇక్కడ ప్రశ్న వచ్చును. కలదు. థాయిలాండున 1989లో రాత్‌బురి రాష్ట్రమున డాక్టరు వివత్ రోజనపిత్యాకర్ నూటికి నూఱు నిరోధ్ అను కార్యక్రమమును ఆరంభించెను. 1991లో అది దేశవ్యాప్తమయ్యెను. ఒక ప్రాంతమందలి వేశ్యాగృహములన్నియు ఒకేమాఱు నియమమునకు లోబడవలెను. నిరోధ్ లేనిదే విటునికి ఎక్కడను ప్రవేశముండరాదు. నియమము మీఱిన యజమాని తన గృహము మూతపడుటకు సిద్ధముగ నుండవలెను. 1989లో నూటికి 14 గానున్న నిరోధ్ వాడకము 1993 నాటికి 94 అయ్యెను. ప్రభుత్వ వైద్యశాలలకు వచ్చు పురుషులలో ముఖ్యములైన లైంగిక వ్యాధులు 79 శాతము తగ్గెను.

ఈ విజయము మా వాదమును ఖండించునట్లు తోచును, నిజమునకు బలపఱచును. విటుడు ప్రక్క గదికి పోవు వీలును తొలగించుటయే ఈ పద్ధతి రహస్యము. సోనాగాఛిలో ఆ పని సంఘము చేసినది. థాయిలాండున ప్రభుత్వము చేసినది. రెండును ఒంటరి స్త్రీ చేయలేని పనిని సమష్టిగ చేసినవే. భేదము మఱియొకచోట కలదు. థాయి పద్ధతిలో ఆజ్ఞ యజమానికి వెళ్లినది. స్త్రీ మాట అందు లేదు. యజమాని యున్నచోటనే ఆ ఆజ్ఞ చెల్లును. వృత్తి గృహములు విడిచి వీథులకు, వసతిగృహములకు చెదరినపుడు ఆజ్ఞాపించుటకు ఎవ్వరును దొరకరు.

6. గోదావరీ తీరము

ఆంధ్రదేశమున స్థితి సరిగా అట్టిదే. ఇచ్చట వృత్తి పెక్కుపాలు వేశ్యాగృహములలో సాగునది కాదు. ఇండ్లలోను, లాడ్జీలలోను, రహదారులపైనను సాగునది. 2003లో ఆరంభమైన అవాహన్ కార్యక్రమమున ఆంధ్రప్రదేశము చేరెను. రాజమహేంద్రవర ప్రాంతమున వృత్తి స్త్రీలలో సంఘనిర్మాణము కొంత జరిగెను. అక్కడి పరిశీలనము 2008లో ప్రకటితమయ్యెను. కార్యక్రమముతో సంబంధము గలిగి, సంపర్క విధమును, పుచ్చుకొను సొమ్మును తామే నిర్ణయింపగల స్త్రీలు తక్కినవారికంటె నిలుకడగ నిరోధ్ వాడుచున్నారని అందు తేలెను. వంగదేశపు వీథిలో కనబడిన సత్యమే గోదావరి యొడ్డునను కనబడెను.

రాజమహేంద్రవరము కందుకూరి వీరేశలింగముగారి నగరము. 19వ శతాబ్ది చివర భోగము మేళములను మాన్పుటకు ఉద్యమము సాగిన తావు. కళావంతుల సంప్రదాయమును నేటి లైంగిక వృత్తితో ఒకటిగా ఎంచుట పొరపాటు. రెంటి చరిత్రములు వేఱు. కాని ఒక పోలిక మాత్రము చెప్పదగును. ఆనాటి పత్రికలలో ఆ స్త్రీలను గూర్చిన మాటలు హెచ్చు, ఆ స్త్రీల మాటలు తక్కువ. 1897లో తొలిమాఱు అచ్చై, 1909లో పెంచి వ్రాయబడిన కన్యాశుల్కమున గురజాడవారి మధురవాణి మాత్రము మాటాడినది, బేరము తన చేతనుంచుకొన్నది. అది నాటకము. జీవితమున అట్టి బేరము నిలుపుకొనుటకు ఒక్కతె తెలివి చాలదు. పదుగురి కూటమి కావలెనని తరువాతి చరిత్రము చెప్పుచున్నది.

7. శాసనపు మలుపు

జాతీయ గణనల ప్రకారము వృత్తి స్త్రీలలో హెచ్.ఐ.వి. 2003లో నూటికి 10.3 ఉండగా 2017లో 1.56కు దిగెను. దీనినంతయు ఒక్క కారణమునకు ముడివెట్టుట చరిత్ర పద్ధతి గాదు. 2004 ఏప్రిలు మొదలు ప్రభుత్వము ఉచితముగ ఇచ్చుచున్న ఔషధములును ఇందు తోడ్పడినవే. కాని ఔషధములకొఱకు వైద్యశాలకు భయములేక పోగల స్థితి గూడ సంఘములు తెచ్చినదే యని మఱువరాదు.

శాసనమును ఆలస్యముగానైనను మార్గము మార్చుకొనెను. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చెను. వ్యాధి సంక్రమణమును తగ్గించు ఉపాయములు నేరములు కావని అందలి 22వ విభాగము చెప్పుచు, వృత్తి స్త్రీకిని ఆమె విటునికిని నిరోధ్ అందించుటనే ఉదాహరణముగ నొసగినది. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వృత్తి స్త్రీలు తమ ఆరోగ్యరక్షణకొఱకు వాడు నిరోధ్ మున్నగువానిని నేరముగాని నేరమునకు సాక్ష్యముగాని భావింపరాదని ఆదేశించెను. 1868లో స్త్రీ దేహమును బంధించిన శాసనము, ఆమె సంచిలోని రక్షణసాధనమును గౌరవించు స్థితికి వచ్చుటకు 150 ఏండ్లకు పైగా పట్టెను. ఠాణాలలో ఆ ఆదేశము ఎంతవఱకు చెల్లుచున్నదను దానిపై నీ మలుపు విలువ ఆధారపడియున్నది.

ఈ చరిత్రమునకు ఆధారములైన పత్రములలో పెక్కు ఇంగ్లీషున కలవు. అందు వైద్యుని గొంతు, అధికారి గొంతు, పరిశోధకుని గొంతు వినబడును. మలయాళమున 2005లో వెలువడిన నళినీ జమీలా ఆత్మకథ వలన ఒక వృత్తి స్త్రీ గొంతు గ్రంథస్థమయ్యెను. తెలుగున నివారణ ప్రచారమునకై ఊరూర ప్రదర్శించిన వీథినాటకములు, కళాజాతాల పాటలు, పంచిన కరపత్రములు, సంఘముల సమావేశపు పుస్తకములు సేకరింపదగిన సామగ్రి. వానిలోని భాష ఒకవంక ప్రభుత్వ పరిభాషకును, మఱియొకవంక ఆ స్త్రీల పలుకుబడికిని నడుమ పుట్టినది. భాషాశాస్త్రజ్ఞులకును అది ఉపయోగకరము. కాగితములు చెదలు పట్టకముందే, చెప్పగలవారు జీవించియుండగనే, వారి అనుమతితో, వారి పేర్లు దాచి, వారి మాటలను దాచకుండ సేకరించు పనికి పరిశోధక విద్యార్థులు పూనుకొందురుగాక. స్త్రీ మాట వినని శాసనము 1868లో ఓడిపోయెను. ఆమె మాట వినని చరిత్రమును అట్లే నిలువనేరదు.